బరువు ఎవరి మీద?

తక్కువ సామానుతో బయల్దేరే మనిషిని మన దగ్గర ఎప్పుడూ గౌరవంగానే చూశారు. భుజాన జోలె, చేతిలో గంట, నుదుట విభూతి తప్ప మరేమీ లేని జంగమయ్య వాకిట్లో నిలబడితే మా ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చున్నచోటి నుంచి లేచేవాళ్ళు. బౌద్ధ భిక్షువుకు ఒక పాత్ర, దిగంబర జైన మునికి నెమలి పింఛం, ఒక కమండలం. ఎంత తక్కువ ఉంటే మనిషి అంత ఎత్తులో ఉన్నట్టు లెక్క. ఈ లెక్క మీద నాకు గౌరవం ఉంది. అయితే ఇందులో ఒక అంకె ఎవరూ రాయకుండా వదిలేశారనిపిస్తుంది. ఆ మనిషి మోయని బరువు ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్నను నా ముందుకు తెచ్చింది మా చిన్నమ్మాయి. తను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తుంది. ఏప్రిల్ మూడోవారంలో ఆల్ప్స్ కొండల్లో స్కీయింగ్‌కు వెళ్ళాలని జనవరి నుంచే లెక్కలు వేసుకుంటోంది. ఫోన్లో ఆ సంగతి చెబుతూ, "అమ్మా, నువ్వు శ్రీశైలం పోయినట్టే నేనూ పోతున్న. వీపుకొక సంచి, అంతే" అంది. సంతోషమే అనిపించింది. ఆ పోలిక నిలుస్తుందా అన్న ఆలోచన మాత్రం అప్పటినుంచీ వదల్లేదు.

ఆమె ప్రణాళికను ముందు ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే అందులో చాలా తెలివి ఉంది. ఆల్ప్స్‌లో చాలా ఊళ్ళకు ఈస్టర్‌తో సీజన్ అయిపోతుంది, లిఫ్టులు ఆగిపోతాయి. కాబట్టి ఆలస్యంగా వెళ్ళేవాళ్ళు ఎత్తు చూసుకుని వెళ్ళాలి. ఆస్ట్రియాలో హింటర్‌టుక్స్ అనేచోట హిమానీనదం మీద ఏడాది పొడవునా స్కీయింగ్ జరుగుతుంది, లిఫ్టులు 3,250 మీటర్ల దాకా తీసుకుపోతాయి. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ పైన కేబుల్ కారు 3,883 మీటర్ల దాకా వెళుతుంది. ఆమె హింటర్‌టుక్స్‌ను ఎంచుకుంది. మ్యూనిక్ నుంచి రైల్లో యెన్‌బాఖ్, అక్కడ చిన్న పట్టాల రైలెక్కి మేయర్‌హోఫెన్, అక్కణ్ణుంచి బస్సు. విమానం అక్కర్లేదు, కారు అక్కర్లేదు.

వసంతంలో మంచు తీరే వేరట. పగలు ఎండకు కరుగుతుంది, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. పొద్దున లిఫ్టు తెరిచే వేళకు రాయిలా ఉంటుంది. ఎండ తగిలిన కాసేపటికి పైపొర వదులై బొంబాయి రవ్వలా పలుకులు పలుకులుగా విడుతుంది. స్కీయింగ్ చేసేవాళ్ళు ఎదురుచూసేది ఆ కొన్ని గంటల కోసమే. మధ్యాహ్నానికి అది నీళ్ళోడే బురద. నిటారు వాలుల్లో తడిమంచు జారి మీదపడే ప్రమాదం కూడా అప్పుడే. అందుకని తెల్లవారుతూనే పైకెళ్ళి, ముందుగా ఎండ సోకిన వాలులో మొదలుపెట్టి, తర్వాత ఉత్తరం వైపు వాలులకు మారి, భోజనం వేళకు దిగిపోవాలి. ఎండను నమ్ముకుని గడిపే ఇలాంటి దినచర్య మా నల్లరేగడి రైతులకు చెబితే వెంటనే అర్థమవుతుంది.

ఇక సంచి. ఒంటికి అంటుకుని ఉండే ఊలు బనియన్లు రెండు జతలు, గాలిని ఆపే పై కోటు, చేతితొడుగులు, కళ్ళద్దాలు, ముఖానికి రాసుకునే క్రీము. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి ఆ క్రీము లేకపోతే చర్మం కాలిపోతుంది. స్కీలు, చేతికర్రలు, హెల్మెట్, చివరికి బూట్లు కూడా అక్కడి దుకాణంలో అద్దెకు. ఇవన్నీ ఇంటి నుంచి మోసుకెళ్ళేవాళ్ళ సామాను ఒక మనిషంత పొడుగుంటుందట.

ఇంకొకటి కూడా తనతో వెళుతుంది, దాన్ని ఆమె సామాను కింద లెక్కపెట్టదు. శివదారంతో మెడలో వేలాడే చిన్న వెండి భరిణె, అందులో ఇష్టలింగం. మాది లింగాయతుల ఇల్లు. పొద్దున్నే ఎడమ అరచేతిలో లింగాన్ని పెట్టుకుని, చుక్క నీళ్ళతో, చిటికెడు విభూతితో పూజ చేసుకోవడం చిన్నప్పుడు మర్పల్లిలో నేర్చుకుంది, మ్యూనిక్‌లోనూ మానలేదు. మా స్టేషన్లో బీదర్ వైపు బండెక్కి, బీదర్‌లో దిగి రోడ్డున ఇంకొంత దూరం పోతే బసవకల్యాణం వస్తుంది. పన్నెండో శతాబ్దంలో బిజ్జలుడి కొలువులో ఉంటూ బసవన్న అక్కడ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటె గొప్పగా కనిపించేది ఇదే. గుడి కట్టించే స్థోమత లేనివాళ్ళకు, గుడి గడప తొక్కే హక్కు లేనివాళ్ళకు కూడా దేవుడు ఒంటిమీదే ఉంటాడన్న ధైర్యం ఇవ్వడం. ప్రయాణానికి ఇంతకంటె తేలికైన దేవాలయం నాకు తెలియదు.

కానీ బసవన్న అక్కడితో ఆగలేదు. కాయకం అన్నాడు, దాసోహం అన్నాడు. ఎవరి పని వాళ్ళు ఒళ్ళొంచి చేయాలి, ఆ సంపాదనలో అవసరానికి మించినది పదిమందికీ వడ్డించాలి. అంటే జోలె పట్టుకుని తిరిగే జంగమయ్య తేలికగా తిరగడానికి వెనక ఎక్కడో ఒక కుమ్మరి, ఒక సాలె, ఒక చాకలి, ఒక రైతు పని చేస్తూ ఉన్నారు. కల్యాణంలో అందరికీ తెలిసే వ్యవస్థ అది. కాయకం చేసే గృహస్థు జంగముడికంటె తక్కువవాడని అక్కడ ఎవరూ అనుకోలేదు.

బసవన్న వెంట నడిచిన శివభక్తులను శరణులు అంటారు. ఆ శరణుల్లో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథను నేను బడిలో పిల్లలకు చాలాసార్లు చెప్పాను. బసవన్న ఇంటి ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరుకు రావడం మారయ్య కాయకం. వాటితో వండి జంగములకు పెట్టి, తామూ తినేవాళ్ళు. ఒకనాడు మారయ్య రోజూ తెచ్చేదానికంటె ఎక్కువ తెచ్చాడు. లక్కమ్మ ఆ బియ్యాన్ని పొయ్యి మీద పెట్టలేదు. ఇంత మనకెందుకు, ఎక్కువైనది ఎక్కడిదో అక్కడే పోసి రమ్మంది. కటిక పేదరికంలో ఉన్న ఇల్లాలు, భర్త నిజాయితీగా ఏరుకొచ్చిన గింజల్ని వెనక్కి పంపింది. తెచ్చినవాడు దొంగ కాదు, ఇచ్చినవాడికి లోటు లేదు, అయినా ఆమె అడిగింది. తక్కువతో బతకడం గురించి నేను విన్న కథల్లో దీనికి సాటి లేదు. ఎందుకంటే లక్కమ్మ తన దగ్గర ఎంత ఉందో మాత్రమే చూడలేదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసింది.

ఇప్పుడు శ్రీశైలం సంగతి. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్ర నుంచి లక్షలమంది మల్లన్న దగ్గరికి వస్తారు. మా వైపు లింగాయతులూ వెళతారు. ఫాల్గుణం చివరికి కందులు అమ్ముడై ఉంటాయి, యాసంగి జొన్న, శనగ కోతలు అయిపోయి ఉంటాయి. రైతుకు చేను వదిలి వెళ్ళగలిగే రోజులు అవే. మా అమ్మాయి స్కీయింగ్ సీజన్ ముగిసేదీ దాదాపు ఆ రోజుల్లోనే కావడం నాకు ముచ్చటగా తోచింది. కొందరు ఇంటి గడప నుంచే నడుస్తారు. నేను మా గుంపుతో ఆత్మకూరు దాకా బస్సులో వెళ్ళి, వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగేదాన్ని. నాగలూటి వీరభద్రస్వామి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. శ్రీశైలం ఎక్కేవాళ్ళకోసం పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. ఆరువందల ఏళ్ళ కిందటి కూలీలు రాళ్ళు మోశారు కాబట్టి ఈనాడు మనం తేలికగా ఎక్కుతున్నాం.

నా చేతిసంచిలో ఒక చీర, తువ్వాలు, నీళ్ళ సీసా, జొన్నరొట్టెలు, పల్లీ పొడి ఉండేవి. అంతకు మించి ఏదీ పట్టుకోనందుకు చాలామంది మెచ్చుకునేవాళ్ళు కూడా. ఒక ఏడు మోకాలి నొప్పితో నడవలేక వెంకటాపురం దగ్గర అన్నదానం చేసే పందిరిలో ఉండిపోయాను. ఆ రాత్రులు నాకు బాగా గుర్తు. ట్రాక్టరు ట్రాలీల మీద బియ్యం బస్తాలు దిగుతాయి. రెండు గంటలకే పొయ్యి అంటిస్తారు. నీళ్ళ ట్యాంకరు రావడం ఆలస్యమైతే కూరగాయలు తరిగే ఆడవాళ్ళ ముఖాల్లో కంగారు. తెల్లారేసరికి గుంపులు గుంపులుగా జనం వస్తారు, తింటారు, ఓం నమశ్శివాయ అంటూ అడవిలోకి వెళ్ళిపోతారు. చేతులు ఊపుకుంటూ వెళ్ళే ఆ మనుషుల వెనక విస్తరాకుల గుట్టలు, అంటిన డేగిసాలు, ప్లాస్టిక్ గ్లాసులు మిగులుతాయి. లోపల పెద్దచెరువు దగ్గరైతే ఒక చిన్న చెంచుగూడెం బతికే నీళ్ళ మీద ఆ కొద్దిరోజుల్లో వేలమంది పడతారు. నా సంచిలో లేని బరువంతా ఎక్కడుందో ఆ పందిరిలో కళ్ళారా చూశాను.

అందుకే అమ్మాయి పోలిక నన్ను పట్టుకుంది. ఆమె స్కీలు మోయదు, దుకాణం మోస్తుంది. వాలు ఎక్కదు, లిఫ్టు ఎక్కిస్తుంది. పొద్దున ఆమె జారే వాలును రాత్రంతా ఎవరో ఒక పెద్ద యంత్రం తోలుతూ చదును చేసి ఉంటారు. కింది ఊళ్ళలో మంచు చాలకపోతే నీళ్ళను గాల్లోకి చిమ్మి మంచు తయారుచేసే యంత్రాలు పెడతారు, దానికి చెరువులు, కరెంటు కావాలి. కొన్నిచోట్ల వేసవిలో హిమానీనదం కరగకుండా తెల్లటి బట్ట కప్పుతారు. అన్నిటికంటె ఎక్కువ బరువు మోసేది ఆ మంచే. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్ళలోనే తమ పరిమాణంలో సుమారు 10 శాతం పోగొట్టుకున్నాయి. శీతకాలంలో పడిన తెల్లమంచు పైన దుప్పటిలా ఉన్నంతవరకే కింది మంచుగడ్డకు రక్ష. అది పోతే లోపలి నల్లటి గడ్డ ఎండను తాగి ఇంకా వేగంగా కరుగుతుంది. సీజన్ చివర వెళ్ళేవాళ్ళు ఆ దుప్పటి పలచబడే రోజుల్లో దాని మీద నడుస్తారు. ఒక్క అమ్మాయి స్కీయింగ్ చేస్తే హిమానీనదం కరగదు, ఆ మాట నేను అనను. విమానం, కారు వదిలి రైలెక్కడం కూడా తక్కువ విషయమేమీ కాదు. కానీ తన సంచి ఎనిమిది కిలోలని చెప్పినప్పుడు, ఆ ఎనిమిది కిలోలే తన బరువు అనుకోవద్దని చెప్పాను.

ఆమె ఇచ్చిన జవాబు గట్టిది. "పైసలు కట్టిన కదమ్మా. దుకాణానికి అద్దె, లిఫ్టుకు టికెట్టు, ఆ యంత్రం తోలేటాయనకు జీతం. కట్టినంక ఇంకా బాకీ ఏంది? మీ పందిట్ల రెండింటికి లేసి వండినోళ్ళకు ఎవరిచ్చిన్రు జీతం?"

ఈ మాటను తేలిగ్గా తీసెయ్యడం నాకు చేతకాదు. భక్తి పేరు చెప్పి ఊరికే చేయించుకున్న చాకిరీ మన దేశంలో కొండంత ఉంది. ఎవరు వండాలో, ఎవరు ఊడ్వాలో పుట్టుకతోనే తేల్చిన సమాజం మనది. దాన్ని కాదన్నందుకే కదా బసవన్న నాటి కల్యాణం రక్తం కళ్ళజూసింది. చేసిన పనికి కూలి చేతిలో పెట్టడమే కాయకానికి మొదటి మర్యాద. అంతవరకు ఆమె మాటకు ఒప్పుకున్నాను.

తర్వాత ఆమె కొండల చరిత్రే ఆమెకు గుర్తుచేశాను. సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఊరుకోలేను. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఉంది, ఎత్తు సుమారు 2,470 మీటర్లు. బసవన్నకు దాదాపు వందేళ్ళ ముందు, 1050 ప్రాంతంలో, బెర్నార్డ్ అనే క్రైస్తవ మతాధికారి ఆ కనుమ మీద బాటసారుల కోసం ఒక సత్రం పెట్టాడు. మంచుతుఫానుల్లో చిక్కినవాళ్ళను సన్యాసులు వెతికి తెచ్చి, తిండిపెట్టి, పడుకోబెట్టి పంపేవాళ్ళు. పెద్ద పెద్ద సెయింట్ బెర్నార్డ్ కుక్కల పేరు అక్కడిదే. ఆ సత్రం ఈనాటికీ నడుస్తోంది. చలికాలంలో రోడ్డు మూసేస్తారు కాబట్టి స్కీల మీదో, మంచులో దిగబడని వెడల్పు తొడుగులు కాళ్ళకు కట్టుకునో వెళ్ళాలి. 1923లో ఆ బెర్నార్డ్‌ను కొండలెక్కేవాళ్ళ రక్షకుడిగా పోపు పదకొండో పయస్ ప్రకటించాడు. ఆ పోపు కూడా ఆల్ప్స్ శిఖరాలు ఎక్కినవాడే.

1800 మే నెలలో, కనుమ మీద మంచు ఇంకా పోకముందే, నెపోలియన్ సుమారు నలభైవేల సైన్యంతో ఆ దారిన ఇటలీలోకి దిగాడు. ఫిరంగి గొట్టాల్ని తొలిచిన చెట్టుమొద్దుల్లో పెట్టి మంచు మీద లాగించారు. లాగినవాళ్ళు సైనికులు, చుట్టుపక్కల పల్లెల రైతులు. సత్రం సన్యాసులు వచ్చిన సైనికులకు రొట్టె, జున్ను, ద్రాక్షసారా అందించారు. చిత్రకారుడు దావీద్ గీసిన బొమ్మలో నెపోలియన్ ముందుకాళ్ళు లేపిన గుర్రం మీద ఉంటాడు. నిజానికి అతన్ని కనుమ దాటించింది ఒక కంచరగాడిద, దాన్ని నడిపించినవాడు బూర్ సెయింట్ పియేర్ అనే ఊరి మనిషి. ఆ ఊళ్ళో నరికిన చెట్లకు, వాడుకున్న మనుషులకు సొమ్ము చెల్లిస్తానని నెపోలియన్ రాసి ఇచ్చాడు, ఆ మాట పూర్తిగా నిలబెట్టుకోలేదు. బొమ్మలోంచి గాడిదా పోయింది, గాడిదను నడిపినవాడూ పోయాడు.

అమ్మాయికి నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. డబ్బు కట్టకపోతే అన్యాయం. డబ్బు కట్టాక మోసినవాడు కంటికి కనిపించకుండా పోతే అది ఇంకో రకం లోటు. టికెట్టు గేటు దగ్గర బీప్‌మన్న శబ్దంతో లావాదేవీ ముగుస్తుంది, రాత్రి యంత్రం తోలినవాడు ఎవరో తెలుసుకునే అవసరమే రాదు. దాసోహంలో అన్నం తిన్నవాడు వడ్డించిన చేతిని చూస్తాడు, ఆ బాకీ అక్కడికక్కడే తీరదు కాబట్టి ఎప్పుడో ఒకరోజు తనూ గరిటె పట్టాలనిపిస్తుంది. ఉపనిషత్తుల్లో ఈశావాస్యం మొదలయ్యేది కూడా లోకాన్ని అనుభవించే హక్కుకూ, దాన్ని నాదనుకోకపోవడానికీ మధ్య ముడివేసే మంత్రంతోనే. అద్దెకు తెచ్చుకున్న వస్తువును నాదనుకోము, నిజమే. కానీ నాది కానిదాన్ని ఎలా వాడుకున్నానన్న లెక్క అద్దెతో పూర్తికాదు. హిమానీనదానికైతే అద్దె తీసుకునే దుకాణమే లేదు.

"అయితే పోవద్దంటవా?" అని అడిగింది. వెళ్ళమన్నాను. కొండను, మంచును చూసి ఒళ్ళు పులకరించడం కూడా ఒక ప్రార్థనే అని నేను నమ్ముతాను. బసవన్న కాలపు శరణి అక్కమహాదేవి అన్నీ వదిలి శ్రీశైలం అడవిలోకి వెళ్ళిందంటే ఆ కొండ పిలిచిందనే కదా. వెళ్ళేముందు లక్కమ్మ ప్రశ్న ఒక్కటి అడుక్కోమన్నాను. ఇంత కావాలా? హింటర్‌టుక్స్ తర్వాత వెంటనే విమానమెక్కి ఇంకో దేశంలో ఇంకో కొండకు వెళ్ళాలని ఆమె పట్టికలో ఉంది, సీజన్ అయిపోతోందన్న ఆత్రంతో రాసుకున్నది. చివరి రోజులు కదా, ఉన్నంతా అందుకోవాలన్న ఆత్రం మనుషుల్లో మామూలే. శ్రీశైలం దారిలో చివరి పందిరి దగ్గర ఆకలి లేకపోయినా విస్తరి నింపించుకున్నవాళ్ళను చూశాను.

రెండురోజుల తర్వాత ఫోన్ చేసింది. రెండో కొండను తీసేసింది. ఒక్కచోటే మూడు రాత్రులు, రైల్లోనే వెళ్ళి రైల్లోనే రావడం. వచ్చే శీతకాలంలో సెయింట్ బెర్నార్డ్ సత్రానికి స్కీల మీద వెళ్ళాలని ఉందట, అక్కడ సన్యాసులతో కలిసి అంట్లు తోమనిస్తారేమో అడుగుతానంది. వెంకటాపురం పందిరికి బియ్యానికని డబ్బు పంపుతానని కూడా అంది. పంపమన్నాను, బస్తాలు ఎప్పుడూ చాలవు. దాంతోపాటు వచ్చే ఏడాది ఉగాదికి సెలవు పెట్టుకుని తననే రమ్మన్నాను. నడవడానికి కాదు, వండడానికి. చూస్తానంది. పందిట్లో నేల మీదే పడుకోవాలని, పొయ్యి రెండింటికే అంటించాలని, డేగిసాలు తోమడానికి ట్యాంకరు నీళ్ళే ఆధారమని ముందే చెప్పిపెట్టాను.